పిల్లవాడి ‘సొంత దేశం’ ప్రాజెక్టుకి మనం ఎంత సాయం చేయాలి?

సందేహం: అక్కా, మేం ఈమధ్యే అమెరికా వచ్చాం. మావాడు ఆరో తరగతి. ఒక దేశాన్ని ఊహించి, దాని ప్రభుత్వం, ఆర్థిక వ్యవస్థ, సమాజం ఎలా ఉంటాయో బోర్డు మీద పెట్టి క్లాసులో చెప్పమన్నారట. మాకేం తోచడం లేదు. మేమే చేసివ్వాలా?

జవాబు: ముందు టెన్షన్ వదిలెయ్యమ్మా. ఇక్కడి మిడిల్ స్కూళ్లలో ఇది మామూలుగా ఇచ్చే ప్రాజెక్టే. సాధారణంగా టీచర్ రూబ్రిక్ అని ఒక కాగితం ఇస్తారు, దేనికెన్ని మార్కులో అందులో ఉంటుంది. మీవాడితో కలిసి దాన్ని ఒకటికి రెండుసార్లు చదువు. నేను చూసినవాటిలో బొమ్మల అందానికంటే, పిల్లవాడు తన నిర్ణయాలకు చెప్పే కారణాలకే ఎక్కువ విలువ ఇస్తారు. మీ ఆయన రాత్రంతా కూర్చుని థర్మాకోల్‌తో కొండలు, కోటలు చేసిస్తే బోర్డు బాగుంటుంది కానీ, క్లాసులో ప్రశ్న అడిగితే వాడు నిలబడి చెప్పలేడు. కాబట్టి చేయాల్సింది వాడే. మీ పని ప్రశ్నలు అడగడం.

పిల్లలందరూ జెండాతో, పేరుతో మొదలుపెడతారు. అవి చివర్లో చూసుకోవచ్చు, ముందు మ్యాపు గీయమను. సముద్రం ఉందా? నది ఎక్కడ పుడుతుంది? నేల కింద ఏముంది? వీటికి జవాబులు దొరికితే ఆర్థిక వ్యవస్థ దానంతటదే వస్తుంది. సింగపూర్‌కి సొంత నీళ్లు చాలవు కాబట్టి 1962 నాటి ఒప్పందం ప్రకారం ఇప్పటికీ మలేషియా నుంచి కొంటుంది, వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటుంది. పసిఫిక్‌లోని నౌరు అనే చిన్న ద్వీపం ఫాస్ఫేట్ తవ్వి అమ్ముకుని, ఒకప్పుడు తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉండేది. ఖనిజం తరిగిపోయేసరికి చితికిపోయింది. మీవాడు తన దేశం నిండా బంగారు గనులు పెడితే నౌరు కథ చెప్పి, ‘గనులు అయిపోయాక మీవాళ్లు ఏం తింటారు?’ అని అడుగు. ఆ ఒక్క ప్రశ్నతో బోర్డులో సగం నిండుతుంది. డబ్బు సంగతి ఎక్కువ లాగనక్కర్లేదు. సొంత కరెన్సీ పెట్టుకోవచ్చు, లేదా ఈక్వడార్‌లా అమెరికా డాలరే వాడుకోవచ్చు. ఎందుకో చెబితే చాలు.

ప్రభుత్వం దగ్గరికి వచ్చేసరికి, ఈ వయసు పిల్లలు చాలామంది ‘మా దేశానికి మంచి రాజు ఉంటాడు’ అని రాస్తారు. ఆ రాజు చెడిపోతే దింపేది ఎవరు, పన్ను ఎంతో తేల్చేది ఎవరు అని అడుగు. ఇక్కడ మీకు ఒక బలం ఉంది. వాడి క్లాసులో ఎక్కువమందికి అమెరికా పద్ధతే తెలుసు. అధ్యక్షుడు వేరుగా ఎన్నికవుతాడు, పెద్ద రాష్ట్రమైనా చిన్న రాష్ట్రమైనా సెనేట్ అనే పై సభలో ఇద్దరే సభ్యులు. మన దగ్గర లోక్‌సభలో మెజారిటీ పోతే ప్రధాని దిగిపోవాలి. స్విట్జర్లాండ్‌లోనైతే ఏడుగురు కలిసి ప్రభుత్వం నడుపుతారు, అధ్యక్ష పదవి ఏటా మారుతుంది. మూడూ పక్కపక్కన పెట్టి, తన దేశానికి ఏది సరిపోతుందో వాణ్ణే తేల్చుకోమను.

సమాజం అన్న భాగాన్ని మనవాళ్లు పండుగలు, వంటలు, బట్టలతో నింపేస్తారు. నాకు అది చాలదనిపిస్తుంది. ఎవరు ఎక్కడ ఉంటారు, ఏ భాషలో చదువుకుంటారు, ఎవరు వెనకబడ్డారు అన్నవి కూడా రావాలి. మన కథ చెప్పడానికి ఇదే చోటు. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరులో నిరాహార దీక్షలో ప్రాణాలు విడిచారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956లో తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది, 2014 జూన్ 2న తెలంగాణ మళ్లీ వేరు రాష్ట్రమైంది. భాష ఒకటైనా నీళ్లు, ఉద్యోగాలు, సొంత పాలన గురించిన ప్రశ్నలు మిగిలాయని వాడికి అర్థమయ్యేలా చెప్పు. మీ రెండు కుటుంబాలూ వేర్వేరు ప్రాంతాలవైతే ఇద్దరి మాటా విననివ్వు. కృష్ణ మహారాష్ట్రలో పుట్టి కర్ణాటక, తెలంగాణ మీదుగా ఆంధ్రలో సముద్రంలో కలుస్తుంది. వాడి మ్యాపులో కూడా అలాంటి నది గీసి, పైవాళ్లు ఆనకట్ట కడితే కిందివాళ్లకు నీళ్లెలా అందుతాయో ఒక చట్టం రాయమను. కులం గురించి వాడు అడిగితే దాటెయ్యకు. మన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని ఎందుకు రద్దు చేసిందో, పంచాయతీల్లో కనీసం మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు ఎందుకు కేటాయించారో ఈ వయసులో అర్థమవుతుంది.

రాత గురించి ఒక జాగ్రత్త. నెట్ నుంచి, ఏఐ నుంచి పేరాలు ఎత్తి పెట్టనివ్వకు. ఇక్కడి స్కూళ్లు దాన్ని చాలా సీరియస్‌గా తీసుకుంటాయి. వాడి ఇంగ్లీషు ఇంకా కుదురుకోకపోతే టీచర్‌కి రెండు ముక్కలు ఈమెయిల్ రాయి. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు పబ్లిక్ స్కూళ్లు, అంటే ఇక్కడి ప్రభుత్వ బడులు, సాయం చేయాలి. కొంచెం గడువు ఇవ్వమనో, బొమ్మలు ఎక్కువ, రాత తక్కువ పెట్టనివ్వమనో అడగడంలో తప్పు లేదు. క్లాసులో చెప్పే ముందు రోజు రాత్రి వాణ్ణి ఇంట్లో నిలబెట్టి మొత్తం చెప్పించుకో. తెలుగులో చెప్పినా ఫర్వాలేదు. ఎక్కడ తడబడితే ఆ ముక్క బోర్డు మీద సులువుగా మళ్లీ రాయమను.