జపనీస్ ఫైలును ప్రోగ్రాంలో చదివేటప్పుడు అక్షరాలు ఎందుకు చెదిరిపోతాయి?

జపాన్‌లో విండోస్ యంత్రంపై తయారైన పాత టెక్స్ట్ ఫైలును పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌గా (ఎన్‌కోడింగ్ అంటే అక్షరాలను బైట్లుగా, అంటే సంఖ్యలుగా, రాసే పద్ధతి) తెరిస్తే దోషం రావడానికి కారణం, చాలావరకు అది షిఫ్ట్-జిస్ కుటుంబానికి చెందిన సీపీ932 ఎన్‌కోడింగ్‌లో ఉండటమే. కనుక ఫైలును తెరిచేటప్పుడే ఎన్‌కోడింగ్ పేరును స్పష్టంగా ఇవ్వండి. షిఫ్ట్-జిస్ అని కాక సీపీ932 అనే ఇవ్వడం మేలు, ఎందుకంటే వలయంలోని అంకెల వంటి అదనపు చిహ్నాలు షిఫ్ట్-జిస్‌లో లేవు.

అసలు చిక్కు మరొకటి ఉంది. ఈ ఎన్‌కోడింగ్‌లో జపనీస్ కటకానా లిపిలోని ‘సో’ అక్షరపు రెండవ బైటు విలువ 92, అంటే బ్యాక్‌స్లాష్ (\) గుర్తు విలువే. అందువల్ల బైట్ల స్థాయిలో వెతికినా, విడగొట్టినా అక్షరం మధ్యలో తెగిపోయే ప్రమాదం ఉంటుంది. ముందుగా డీకోడ్ చేసి, అంటే బైట్లను అక్షరాలుగా మార్చి, పనంతా యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి ప్రమాణం) జరిపి, చివర యూటీఎఫ్-8లో రాయండి. చదవలేని బైట్లను వదిలేయమనే ఐచ్ఛికాన్ని మాత్రం దయచేసి వాడకండి. అది దోషాన్ని దాచి, పాఠాన్ని చడీచప్పుడు లేకుండా పోగొడుతుంది.