అడగండి, చెబుతాం: ప్రేమ నవలల్లో పొగరు హీరోలు, పిల్లల పుస్తకాల్లో దెయ్యాలు

ప్రశ్న: ఈ రెండు విషయాల్లో నా అభిప్రాయాలు గట్టివి. కాదంటే ఎందుకు కాదో చెప్పండి. మొదటిది, ప్రేమ నవలలన్నీ ఒకటే. ఆరడుగుల హీరో, మేడ, కారు, పొగరు. అటు మధ్యతరగతి అమ్మాయి, ఆత్మాభిమానం. చివర పెళ్లి. మొదటి పేజీలోనే తెలిసిపోయే కథ కోసం మూడొందల పేజీలు ఎందుకు చదవాలి? రెండోది, ఇంగ్లీషు దెయ్యం పుస్తకాలు పిల్లల్ని పదో తరగతి దాకా ముట్టనివ్వకూడదు. మా తొమ్మిదేళ్ల అమ్మాయి స్కూలు లైబ్రరీ నుంచి గూస్‌బంప్స్ తెచ్చి చదువుతోంది. నాలుగు రోజులుగా రాత్రి లైటు ఆర్పనివ్వడం లేదు. బేతాళ కథలు చదివి పెరిగిన మేమెవరం ఇలా బెంబేలెత్తలేదు.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: చివర పెళ్లవుతుందని తెలిసే పాఠకులు ప్రేమ నవల చేతిలోకి తీసుకుంటారండీ. డిటెక్టివ్ నవలలో హంతకుడు దొరక్కపోతే ఎంత చిరాకో, ఇందులో జంట కలవకపోతే అంత చిరాకు. కాబట్టి ముగింపును పక్కన పెట్టి, వాళ్లకు అడ్డుపడుతున్నదేమిటో, అది నమ్మేలా ఉందో లేదో చూడండి. మంచి చెడ్డ అక్కడే తేలిపోతుంది.

అన్నీ ఒకటే అనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1960, 70ల నాటి మన ప్రేమ నవలల్లో చాలా భాగం ముందు పత్రికల్లో సీరియల్‌గా వచ్చినవి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ అలా సీరియల్‌గా మొదలై, పుస్తకమై, 1976లో సినిమా కూడా అయింది. వారానికో నెలకో ఒక భాగం వచ్చినప్పుడు ప్రతి భాగం చివర ఒక అపార్థం, ఒక ఉత్తరం, తలుపు దగ్గర ఎవరో నిలబడటం తప్పనిసరి. వారం ఆగి చదివినవారికి అది ఉత్కంఠ. అట్ట వేసి కుట్టిన పుస్తకాన్ని ఒక్క ఆదివారంలో పూర్తిచేసేవారికి ఇరవైసార్లు అదే తంతు. అందుకే పాత సీరియల్ నవలని రోజుకు రెండు భాగాలకు మించి చదవకండి. రుచి మారిపోతుంది.

ఆ నవలల్లో మేడలు కార్లే కనిపిస్తున్నాయంటే మీరు హీరో వైపు చూస్తున్నారన్నమాట. హీరోయిన్ వైపు చూడండి. బస్సు కోసం నిలబడటం, టైపు చేసిన ఉత్తరంలో తప్పు దొర్లితే మాట పడటం, జీతంలోంచి తమ్ముడి ఫీజు తీసి పక్కన పెట్టడం. ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్లడం ఇంకా వింతగా ఉన్న రోజుల్లో ఆఫీసు లోపల ఎలా ఉంటుందో చాలామంది గృహిణులకు ముందుగా తెలిసింది ఆ పేజీల్లోంచే. వీధి చివర అద్దె పుస్తకాల షాపులు నిలబడిందీ వాటి మీదే. లండన్‌లోనూ ఇదే వరస. 1908లో మొదలైన మిల్స్ అండ్ బూన్ మొదట్లో అన్ని రకాల పుస్తకాలూ వేసేది. 1930ల్లో అద్దె లైబ్రరీల గిరాకీ చూసుకుని ప్రేమ నవలల మీద పడింది. ఇప్పుడు వాళ్ల ‘మోడరన్’ వరస నవలకు 50,000 పదాలు అని ముందే కొలత గీసి ఉంటుంది. అంత ఇరుకు చట్రంలో కూడా ఒక రచయిత్రి మెప్పిస్తుంది, ఇంకో ఆవిడ విసిగిస్తుంది. తప్పు చట్రానిదైతే అందరూ ఒకేలా విసిగించాలి కదా.

పొగరు హీరో విషయంలో మాత్రం మీతో సగం ఏకీభవిస్తాం. ఆమె ‘వద్దు’ అన్నప్పుడు ఏం జరుగుతుందో చూడండి. వద్దన్నందుకు ఆమె ఉద్యోగమో, గదో, పరువో పోయేలా కథ నడిపి, అతని మొండితనాన్ని ప్రేమ అని పిలిస్తే ఆ నవల మూసేయొచ్చు. వద్దన్నాక అతను వెనక్కి తగ్గి, తగ్గినందుకు ఏదో పోగొట్టుకుంటే అక్కడి నుంచి కథ బాగుపడుతుంది. ఆ రోజుల నవలల్లో రెండు రకాలూ ఉన్నాయి, ఒక్కోసారి ఒకే పుస్తకంలో.

ఇక అమ్మాయి సంగతి. బేతాళ కథలో ఉన్న సరుకేమిటో ఒకసారి లెక్కపెట్టండి. అర్ధరాత్రి, శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, ఆ శవం మాట్లాడటం, జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి ముక్కలవుతుందన్న బెదిరింపు. ఇంగ్లీషు పిల్లల పుస్తకాల్లో చాలా వరకు ఇంత దూరం వెళ్లవు. అయినా మీరు భయపడకపోవడానికి కారణం, మొదలూ చివరా ఎప్పుడూ మారకపోవడం. రాజు శవాన్ని దించుతాడు, భుజాన వేసుకుంటాడు, మౌనం పోగానే బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. భయమంతా ఆ చట్రంలోనే. లోపలి కథ చాలాసార్లు ఒక ధర్మసందేహం. 11వ శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చేర్చిన పాతిక కథలు అయిపోయాక కూడా చందమామ అదే చట్రంలో కొత్త కథలు పోసి దశాబ్దాల పాటు నడిపింది. శంకర్ వేసిన ఆ బొమ్మ గుర్తుందా? చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం, రాజు ముఖంలో మాత్రం ఇసుమంత బెదురు లేదు. పిల్లలు ఆ ముఖాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటారు.

ఆర్.ఎల్. స్టైన్ 1992 జులైలో మొదలుపెట్టిన గూస్‌బంప్స్‌కీ ఒక చట్రం ఉంది, కానీ అది వేరే రకం. మొదటి వరసలో 1997 దాకా 62 పుస్తకాలు వచ్చాయి. కథ చెప్పేది ఎక్కువగా పన్నెండేళ్ల పిల్లో పిల్లాడో. అధ్యాయాలు నాలుగైదు పేజీలే. ప్రతి అధ్యాయం ఒక కేకతో ఆగుతుంది. పేజీ తిప్పితే చాలాసార్లు అది ముసుగు వేసుకున్న తమ్ముడు. మూడు నాలుగు పుస్తకాలయ్యేసరికి పిల్లలు ఈ కిటుకు పట్టేసి నవ్వడం మొదలుపెడతారు. మీ అమ్మాయికి ఇంకా అది పట్టుబడినట్టు లేదు.

నిద్ర చెడేది సాధారణంగా రెండు చోట్ల. మొదటిది, ‘ఈ అధ్యాయం అయిపోగానే పడుకో’ అనే మన మాట. అధ్యాయం చివర అంటే సరిగ్గా కేక దగ్గర. దాని బదులు తర్వాతి అధ్యాయంలో రెండు పేజీలు చదివి, భయం తేలిపోయిన చోట గుర్తు పెట్టమనండి. రెండోది పుస్తకం ఆఖరి పేజీ. అంతా సర్దుకుందనిపించి, చివరి నాలుగు వాక్యాల్లో మళ్లీ తలుపు కిర్రుమనిపించడం ఆ వరసకు అలవాటు. ఆఖరి అధ్యాయం మాత్రం పగటిపూట మీరు పక్కన కూర్చుని చదివించండి. పుస్తకానికీ నిద్రకీ మధ్య గంట ఎడం ఉండాలి. పుస్తకం పడకగదిలో ఉండకూడదు. ‘దెయ్యాల్లేవు, పడుకో’ అంటే పిల్లలు నమ్మరు (1990ల్లో ఇంటింటి తలుపు మీదా ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న పెద్దల మాట ఎవరు నమ్ముతారు?). ‘ఆ పుస్తకంలో దెయ్యం ఏం చేయలేదు? ఎక్కడికి రాలేదు? ఏం చూస్తే పారిపోతుంది?’ అని అడగండి. దానికి నియమాలున్నాయని నోటితో చెప్పుకుంటూ పోతే చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే తేలికపడతారు.

ఇంకొకటి గమనించండి. భయం పుస్తకంలోదేనా, ఫోన్‌లో చూసిన వీడియోలోదా? చదివేటప్పుడు పిల్లలు తమకు చేతనైనంత బొమ్మే ఊహించుకుంటారు. తెర మీది బొమ్మ అలా కాదు, అడగకుండానే వచ్చి కూర్చుంటుంది. అమెరికాలో 1990ల్లో లైబ్రరీల నుంచి తీసేయమని అందరికంటే ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన పుస్తకాలు ఆల్విన్ ష్వార్ట్జ్ జానపద కథల నుంచి కూర్చిన భయం కథల సంపుటాలు. ఆ కథలు రెండు మూడు పేజీలవే. భయపెట్టింది చాలావరకు స్టీఫెన్ గామెల్ సిరా కారినట్టు వేసిన బొమ్మలు. తర్వాత ఒక కూర్పులో వాటిని తీసేసి మెత్తటి బొమ్మలు పెడితే, చిన్నప్పుడు వాటికి జడుసుకున్నవాళ్లే మా బొమ్మలు మాకివ్వండని గోల చేశారు. చివరికి పాతవే మళ్లీ వేశారు. కాబట్టి మీ అమ్మాయికి పుస్తకం ఎంచేటప్పుడు మాటలకంటే ముందు లోపలి బొమ్మలు తిరగేయండి.

పదో తరగతి దాకా నిషేధం వద్దు. అప్పటికి ఈ పుస్తకాలు ఎందుకూ పనికిరావు, చప్పగా ఉంటాయి. ఏడెనిమిదేళ్లకు నవ్వించే దెయ్యాలు, తొమ్మిది నుంచి పదకొండు దాకా ఇలాంటి వరసలు, నిజంగా మనుషులు చనిపోయే కథలు పన్నెండు దాటాక. రెండు వారాలైనా నిద్ర కుదుటపడకపోయినా, పగలు కూడా ఒంటరిగా గదిలోకి వెళ్లనంటున్నా పుస్తకాలు ఆపి పిల్లల డాక్టరుకు చూపించండి. అప్పుడు కారణం పుస్తకం కాకపోవచ్చు.

ప్రశ్న: నవలల పోటీకి ప్రేమకథ రాస్తున్నాను. అరవై వేల పదాలు అనుకున్నాను. ముప్ఫై వేల దగ్గర బండి ఆగిపోయింది. వాళ్లిద్దరికీ అపార్థం వచ్చింది. ఇంకా దాన్ని ఎంతకాలం సాగదీయాలో తెలియడం లేదు.
– వర్ధమాన రచయిత, హైదరాబాద్

జవాబు: ఇరానీ కేఫ్‌లో పది నిమిషాలు కూర్చోబెడితే తీరిపోయే అపార్థమైతే దాన్ని సాగదీయకండి. ఆ పది నిమిషాలు ఇప్పుడే ఇచ్చేయండి. సగంలోనే నిజం తెలిసిపోవాలి, తెలిశాక ఇబ్బంది ఇంకా పెరగాలి. ఆమె ఉత్తరానికి అతను జవాబివ్వకపోవడానికి కారణం ఉత్తరం అందకపోవడం కాదని, అంది కూడా భయపడ్డాడని తేలితే, మిగతా ముప్ఫై వేల పదాలకు పని దొరుకుతుంది.

అంకెల్లో కావాలంటే, మొదటి ఆరు వేల పదాల్లోపు ఇద్దరూ ఎదురుపడాలి. పెద్ద ఎడబాటు నలభై అయిదు వేల దగ్గర. కలవడాన్ని ఆఖరి పేజీకి తోయకండి, కనీసం నాలుగు వేల పదాలు ఇవ్వండి. పోటీ రాతప్రతులు ఎక్కువగా చతికిలబడేది అక్కడే. రెండొందల పేజీలు ఏడిపించి, అర పేజీలో తాళి కట్టించేస్తారు.

బయటి అడ్డంకి ఒకటి, లోపలి అడ్డంకి ఒకటి, రెండూ ఉండాలి. బయటిదానికి మనవాళ్లు అలవాటుగా ‘అంతస్తు’ అని రాస్తారు. మన ఊళ్లలో పెళ్లిళ్లు ఆగేది ఎక్కువగా కులం దగ్గర. ఆ మాట ఎత్తకుండా ఆస్తి తేడా మీదకు నెట్టేస్తే తండ్రి పాత్ర అట్టముక్కలా తయారవుతుంది. ఎందుకు ఒప్పుకోడో పాఠకుడికి తెలుసు, మీరే చెప్పడం లేదు.

ప్రేమ కలిగిందని చెప్పడానికి చీర రంగు, కళ్ల వర్ణన మొదటి అధ్యాయంలోనే ఖర్చు పెట్టేయకండి. జలుబుతో ఉన్న ఆమె అడక్కముందే అతను లేచి ఫ్యాన్ ఒక గీత తగ్గించాడని రాయండి. ఆమె అది గమనించి ఏమీ అనలేదని రాయండి. అక్కడ ఇంకో వాక్యం చేర్చాలనిపిస్తుంది, చేర్చొద్దు.

ప్రశ్న: నాలుగో తరగతికి మధ్యాహ్నం భోజనం తర్వాత కథల పీరియడ్ ఉంది. ముప్ఫై అయిదు మంది. ‘దెయ్యం కథ టీచర్’ అని ఒకటే గొడవ. చెప్పొచ్చా? ఎలా?
– ఉపాధ్యాయురాలు, మెదక్ జిల్లా

జవాబు: చెప్పండి. పదమూడు వందల పదాల లోపు కథ తీసుకుంటే, నెమ్మదిగా చదివినా పదకొండు పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. కిటికీలు మూయకండి. భయం వచ్చే చోట గొంతు పెంచకుండా తగ్గించండి. అరిస్తే వెనక బెంచీ నవ్వుతుంది, తగ్గిస్తే ముందుకు వంగుతుంది. తల దించేసుకున్న పిల్లల్ని పేరు పెట్టి పిలవకండి, మెల్లగా వాళ్ల పక్కకు వెళ్లి నిలబడి చదవండి. గంట కొట్టడానికి పావుగంట ముందే కథ పూర్తవ్వాలి, వాళ్లు గోల చేసి, నవ్వి, ‘నేనైతేనా’ అనుకునేందుకు. ‘మిగతాది రేపు’ అనడం దెయ్యం కథకు పనికిరాదు.

రెండు జాగ్రత్తలు. మీ ఊరి చింతచెట్టు, మీ ఊరి పాడుబడ్డ బావి కథలో పెట్టకండి. సాయంత్రం వాళ్లు దాని పక్కనుంచే ఇంటికి వెళ్లాలి. అలాగే ఒంటరి ముసలావిడను మంత్రగత్తెను చేయకండి. బాణామతి, చేతబడి అని అనుమానించి మనుషుల్ని కొట్టిన, చంపిన ఘటనలు జరిగిన ప్రాంతం మీది. పిల్లలు కథలోంచి ఎవరి ఇంటి వైపు చూస్తారో మనం అదుపు చేయలేం. కొరివిదెయ్యమో బ్రహ్మరాక్షసుడో అయితే ఎవరి గడపా గుర్తు రాదు.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. ఇంగ్లీషు భయం పుస్తకాలు మాత్రం నమిలేస్తాడు. తెలుగు నేర్పడానికి ఆ పిచ్చి ఉపయోగపడుతుందా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: బాగా. బేతాళ కథ ఒకటి మీరు చదివి వినిపించండి. మొదలూ చివరా ప్రతిసారీ ఇంచుమించు ఒకే మాటలు కాబట్టి అయిదారు కథలకు అవి వాడికి కంఠతా వచ్చేస్తాయి. అప్పుడు ఆ నాలుగైదు వాక్యాలే పెద్ద అక్షరాల్లో రాసి వాడి చేతికివ్వండి. నోటికి వచ్చింది కాబట్టి కన్ను అక్షరాన్ని పట్టుకుంటుంది. లోపలి కథ మీరు, చట్రం వాడు చదవాలి. బేతాళుడి ప్రశ్న దగ్గర పుస్తకం మూసి వాడి జవాబు తెలుగులోనే అడగండి. మధ్యలో ఇంగ్లీషు ముక్కలు పడితే పడనివ్వండి, అక్కడ సరిదిద్దబోతే రెండో రోజు కథే వద్దంటాడు.