ఐడీలో పాయింట్లు వేసి అప్పు అంటే చెల్లుతుందా?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నాన్న కౌలు రైతు. ఇంటికి భారం కాకూడదని రెండేళ్లుగా క్రికెట్ బెట్టింగ్‌తోనే ఫీజు, మెస్ బిల్లు కట్టుకున్నాను. మొదట్లో బాగానే వచ్చేది. తర్వాత అంతా పోయింది. బెట్టింగ్ సైట్‌లో ఆడే ఖాతా (ఐడీ) ఇచ్చిన సీనియర్ అన్న, డబ్బుకు బదులు పందెం కాసుకునే పాయింట్లు విడతలుగా 2 లక్షల మేర అందులో వేసి, ఖాళీ ప్రోనోటు మీద, ఒక ఖాళీ చెక్కు మీద సంతకాలు తీసుకున్నాడు. ఇప్పుడు చెక్కులో 6 లక్షలు రాసి బ్యాంకులో వేశాడు. బౌన్స్ అయింది. వారం క్రితం లాయర్ నోటీసు వచ్చింది. బెట్టింగ్ అప్పు కోర్టులో చెల్లదంటున్నారు, ఊరుకోవచ్చా? నెల రోజులు నా బ్యాంకు ఖాతా, సిమ్ ఇస్తే నోటు చించేస్తానంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఓ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మీ ఇంటి పరిస్థితి కోర్టు లెక్కలోకి రాదు. ఈ కేసును తేల్చేది మీరు మధ్యలో అలా రాసేసిన ఒక్క మాట: ఆ సీనియర్ మీకు డబ్బు ఇవ్వలేదు, పాయింట్లు వేశాడు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. ఇంతవరకు మీరు విన్నది నిజమే. అయితే 1959లో ఘేరూలాల్ పారఖ్ కేసులో సుప్రీంకోర్టు, పందెం చెల్లకపోయినా దానికి అనుబంధంగా చేసుకున్న ఒప్పందాలు ఆ ఒక్క కారణంతో చెల్లకుండా పోవని చెప్పింది. మీ రూమ్మేట్ చేబదులుగా నగదు ఇచ్చి ఉంటే 'బెట్టింగ్‌లో పోగొట్టాను, కట్టను' అని తేలిగ్గా తప్పించుకోలేరు. సీనియర్ సంగతి వేరు. ఐడీ ఇచ్చింది అతనే, పాయింట్లు వేసింది అతనే, మీరు ఓడితే బాకీ రాసుకున్నదీ అతనే. అది అప్పు కాదు, పందెం బాకీ అని మనం వాదించాలి. చెక్ బౌన్స్ కేసు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద నిలవాలంటే చట్టప్రకారం వసూలు చేసుకోదగ్గ బాకీ ఉండి తీరాలి.

అలాగని ఊరుకుంటే మునుగుతారు. చెక్కు మీద సంతకం మీదే కాబట్టి, బాకీ ఉందనే కోర్టు మొదట అనుకుంటుంది. లేదని చూపే భారం మీది. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కుకైనా ఇదే వర్తిస్తుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రోనోటూ అంతే. స్టాంపు అంటించి సంతకం పెట్టి ఇచ్చారంటే, నింపుకోమని అధికారం ఇచ్చినట్టే. డిగ్రీ చదువుతూ ఖాళీ కాగితాల మీద సంతకాలేమిటండీ?

ఇప్పుడు మీ కేసుకు ప్రాణం మీ ఫోన్. '50 వెయ్యన్నా' అని మీరు, 'వేశా, చూసుకో' అని అతను పెట్టుకున్న వాట్సాప్ మెసేజ్‌లే అసలు సాక్ష్యం. సిగ్గుపడి చాట్ డిలీట్ చేయకండి. ఫోన్ రీసెట్ చేయడం, అమ్మేయడం అసలే వద్దు. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి. ఐడీ ఇంకా తెరుచుకుంటుంటే పాయింట్ల ఖాతాను తేదీలు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. వీటిని కోర్టులో పెట్టేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. రెండేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుంటే, 6 లక్షలు మీ ఖాతాకు రాలేదనీ, అతను చెప్పిన ఖాతాలకు మీరే పంపారనీ తేలుతుంది. నగదు చేతికిచ్చానంటాడు. అనుకున్నదే. అంత నగదు నీకెక్కడిదని క్రాస్ ఎగ్జామినేషన్‌లో (ఎదుటి పక్షాన్ని లాయర్ ప్రశ్నించేటప్పుడు) అడగాలి. అప్పిచ్చే స్తోమతను ప్రశ్నిస్తే దాన్ని నిరూపించుకోవలసింది ఇచ్చానన్నవాడేనని 2019లోనే బసలింగప్ప కేసు చెబుతోంది.

ఇక గడువు. నోటీసు అందిన రోజు నుంచి డబ్బు కట్టడానికి మీకు 15 రోజులు. ఆ తర్వాత నెలలోపు అతను కేసు వేయాలి. ఆలస్యమైనా తగిన కారణం చూపితే కోర్టు తీసుకోవచ్చు, కాబట్టి గడువు దాటిపోతుందని ఆశపడకండి. నోటీసుకు జవాబు ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. కానీ ఇవ్వకపోతే 'నిజంగా బాకీ లేనివాడైతే అప్పుడే చెప్పేవాడు కదా' అంటారు. ప్రోనోటు మీద దావాకు దాని తేదీ నుంచి మూడేళ్లు. తేదీ ఖాళీగా ఉంటే తనకు అనుకూలమైనది వేసుకుంటాడు. అందుకే ఏ నెలలో సంతకం పెట్టారో ఇప్పుడే జవాబులో రికార్డు కావాలి. ఈలోగా 'కొంచెం టైమివ్వన్నా, కడతా' అని మెసేజ్ పెట్టినా, ఐదు వేలు ఫోన్‌పే చేసినా బాకీ ఒప్పుకున్నారని వాడుకుంటారు.

జవాబు మీరే రాసి పంపవద్దు. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా పెట్టింది కానీ ఆడినవాళ్లకు శిక్ష పెట్టలేదు. తెలంగాణ గేమింగ్ చట్టం మాత్రం 2017 సవరణతో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడాన్నీ నేరం కిందికి తెచ్చింది. బెట్టింగ్ మాట ఎంతవరకు, ఏ వాక్యంలో రాయాలో లాయరే చూడాలి.

ఖాతా, సిమ్ ఇమ్మన్న బేరం దగ్గరికి వెళ్లకండి. నోటు చింపితే మహా అయితే సివిల్ తగాదా ఒకటి తప్పుతుంది, చెక్కు అతని దగ్గరే ఉంటుంది. మీ ఖాతాలోంచి ఎవరో మోసపోయినవాళ్ల డబ్బు వెళితే పోలీసులు మొదట వెతికేది మిమ్మల్నే, ఏ రాష్ట్రం నుంచైనా సరే. ముఠాగా చేసే అనధికార బెట్టింగ్‌కు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 112 కింద ఏడాది నుంచి ఏడేళ్ల జైలు. ఇప్పటికే ఏదైనా ఇచ్చి ఉంటే, ఈరోజే బ్యాంకుకు రాసి కార్డు, నెట్ బ్యాంకింగ్ బ్లాక్ చేయించండి, సిమ్ ఆపించండి.

మొదట్లో బాగానే వచ్చేదన్నారు కదా, ఆ గెలుపు డబ్బు ఎవరైనా ఇవ్వనంటే దావా వేసే హక్కు కూడా మీకు లేదు. పన్ను మాత్రం 30 శాతం.

ఫీజు ఇచ్చుకోలేకపోతే పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు న్యాయసేవా సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. చెక్కు కేసు ఏ దశలోనైనా రాజీ చేసుకోవచ్చు, అయితే మాటలు లాయర్ ద్వారానే, చెక్కు, నోటు రెండూ చేతికి వచ్చాకే. లాయర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నోటీసుతోపాటు అది వచ్చిన కవరు కూడా తీసుకెళ్లండి, పోస్టల్ ముద్ర చిరగకుండా.