ఉచిత కోటా అయిపోయింది: కార్డు ఇవ్వాలా, సర్టిఫికేషన్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. కాలేజీ లైబ్రరీలో ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో చూపించే యాప్ చేసింది. అది ఫైర్‌బేస్ (యాప్‌ల డేటా దాచి అందించే గూగుల్ సేవ) ఉచిత ప్లాన్ మీద నడుస్తోంది. వాడేవాళ్లు 300 మంది అయ్యాక రోజూ సగంలోనే ఆగిపోతోంది. డబ్బు కట్టే ప్లాన్‌కు మారతానని నా క్రెడిట్ కార్డు అడుగుతోంది. ఆ ప్లాన్‌లో బిల్లుకు హద్దు ఉండదని విన్నాను. ఇదంతా మానేసి క్లౌడ్ సర్టిఫికేషన్ చెయ్యమంటున్నాను. ఉద్యోగానికి ఏది మేలు? ఫైర్‌బేస్, సూపాబేస్, సొంత సర్వర్, వీటిని కూడా పోల్చి చెప్పండి.

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. దీని అడుగున రెండు భయాలుంటాయి. తెలియకుండా బిల్లు మీద పడుతుందేమోనన్నది ఒకటి, పిల్ల అక్కరలేని పనిలో పడి చదువు పోగొట్టుకుంటుందేమోనన్నది రెండోది. మొదటి భయం సబబే. రెండోదాన్ని మాత్రం ఇవాళే వదిలెయ్యండి. వాడేవాళ్లు లేని యాప్‌కు కోటా అయిపోదు. మీ అమ్మాయి చేసింది 300 మందికి పనికొస్తోంది కాబట్టే ఈ సమస్య వచ్చింది.

కార్డు సంగతికి ముందు, ఆగిపోవడానికి కారణం తెలియాలి. ఫైర్‌బేస్‌లోని ఫైర్‌స్టోర్ డేటాబేస్‌కు ఉచితంగా రోజుకు 50,000 రీడ్స్ (చదవడాలు), 20,000 రైట్స్ (రాయడాలు), 20,000 డిలీట్స్ (తీసెయ్యడాలు) ఇస్తారు. నిల్వకు 1 జీబీ. చాలా యాప్‌లలో ముందు అయిపోయేవి రీడ్స్. డాక్యుమెంటు అంటే డేటాబేస్‌లో ఒక నమోదు, ఇక్కడ ఒక పుస్తకం వివరాలనుకోండి. తెచ్చిన ప్రతి డాక్యుమెంటుకూ ఒక రీడ్ పడుతుంది. హోం స్క్రీన్ తెరవగానే 200 పుస్తకాల జాబితా మొత్తం వస్తోందనుకోండి. 250 సార్లు తెరిచేసరికి 50,000 అయిపోతాయి. అంటే 300 మందీ ఒక్కసారి తెరవకముందే కోటా ఖాళీ. మళ్లీ నిండేది అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం అర్ధరాత్రి దాటాకే.

కాబట్టి మొదటి పనిగా ఫైర్‌బేస్ కన్సోల్‌లో (యాప్ చేసినవాళ్లు అన్నీ చూసుకునే వెబ్ పేజీ) యూసేజ్ పేజీ తెరిచి, మూడింటిలో ఏది ముందు అయిపోతోందో చూడమనండి. రీడ్స్ అయితే వెతకాల్సిన చోట్లు కొన్నే. జాబితాకు 20 పరిమితి పెట్టి, కిందికి జరిపినప్పుడు చివరి డాక్యుమెంటు తర్వాత నుంచి అడగాలి. ఆఫ్‌సెట్‌తో, అంటే మొదటి ఇన్నిటిని వదిలెయ్యమని చెప్పి దాటేస్తే లాభం లేదు, దాటేసిన డాక్యుమెంట్లకూ లెక్క పడుతుంది. మార్పులను కనిపెట్టుకుని ఉండే లిజనర్‌ను స్క్రీన్ మూసినప్పుడు తీసెయ్యాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్ని స్క్రీన్ గీసే ఫంక్షన్‌లోనే పెట్టేస్తారు. స్క్రీన్ మళ్లీ గీసిన ప్రతిసారీ కొత్త లిజనర్ పుడుతుంది, రీడ్స్ చిల్లుకుండలో నీళ్లలా పోతాయి. ఎన్ని పుస్తకాలున్నాయో చెప్పడానికి అన్నిటినీ తెచ్చి లెక్కపెట్టకూడదు, అందుకు సంఖ్యను మాత్రమే అడిగే కౌంట్ క్వెరీ ఉంది. భద్రతా రూల్స్‌లో (ఎవరు ఏది చదవొచ్చో, రాయొచ్చో చెప్పే నిబంధనలు) వేరే డాక్యుమెంటును చూసి అనుమతిచ్చే పద్ధతి ఉంటే దానికీ రీడ్స్ పడతాయి. కన్సోల్‌లో కూర్చుని డేటాను తిరగేసినా అవీ రీడ్సే. ఇది చాలామంది గమనించరు.

ఒక్క 20 పరిమితి చూడండి. 300 మంది రోజుకు మూడేసి సార్లు తెరిస్తే ఇప్పుడు 1,80,000 రీడ్స్ కావాలి. పరిమితి పెడితే మొదటి స్క్రీన్‌కు 18,000 చాలు. కార్డుతో పని లేకుండానే కోటాలో సరిపోతుంది.

ఇక బిల్లు. బ్లేజ్ అనే ఆ ప్లాన్‌లోనూ ఉచిత కోటా అలాగే ఉంటుంది, దాటినదానికే డబ్బు. కానీ మీరు విన్నది నిజమే. బడ్జెట్ అలర్ట్ పెడితే మెయిల్ వస్తుందంతే, వాడకం ఆగదు. ఆ మెయిల్ కూడా కాస్త ఆలస్యంగానే వస్తుంది. భారీ బిల్లులకు దారితీసేవి ముఖ్యంగా రెండు. ఒక డాక్యుమెంటు మారగానే పనిచేసే ఫంక్షన్ మళ్లీ అదే డాక్యుమెంటును మార్చడం, అలా తనను తానే పిలుచుకుంటూ పోవడం ఒకటి. పరీక్షించుకోవడానికి పెట్టిన టెస్ట్ మోడ్ రూల్స్‌ను అలాగే వదిలేసి ఎవరైనా చదివేలా, రాసేలా తలుపు తెరిచి పెట్టడం రెండోది. ఇవి సరిచూసుకోకుండా మాత్రం కార్డు ఇవ్వకండి.

సర్టిఫికేషన్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. అది చెడ్డదని కాదు. క్లౌడ్ పదజాలం ఒక క్రమంలో తెలుస్తుంది, ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు అక్కరకొస్తుంది. కానీ సొంతంగా ఏదీ తయారుచెయ్యని విద్యార్థికి ఆ కాగితం ఉద్యోగం తెచ్చిపెడుతుందన్న ప్రచారం మీద నాకు నమ్మకం లేదు. ప్రవేశ స్థాయి పరీక్ష ఆప్షన్లలోంచి జవాబు ఎంచుకునేది. సర్వీసుల పేర్లు, ఏది దేనికి వాడతారు అన్నది బట్టీ పట్టి గట్టెక్కొచ్చు. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) సర్టిఫికెట్లు మూడేళ్లకే గడువు తీరతాయి. ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లు తవ్వేది వేరు: సమస్య ఎక్కడుందని ఎలా కనిపెట్టావు, ఏం మార్చావు, ముందూ తర్వాతా అంకెలేమిటి? మీ అమ్మాయి చేతిలో ఆ జవాబు సగం తయారై ఉంది. దాన్ని మధ్యలో ఆపించి కోర్సులో కూర్చోబెట్టడం మీ కంగారు తీర్చుకోవడానికే తప్ప ఆమె మేలుకు కాదు. ఏమనుకోకండి, ఆ కోర్సు మంచిదని మీకు చెప్పింది ఎవరు? అమ్మేవాళ్లేనా? యాప్ ఎలా పనిచేస్తుందో మీ అమ్మాయిని ఒక్కసారైనా అడిగారా?

ఆమెకూ ఓ మాట. సర్వర్ అక్కర్లేదు, వారంలో యాప్ సిద్ధం అనే ధోరణిని పూర్తిగా నమ్మొద్దు. ఉచితం కలకాలం ఉంటుందని ఎవరూ రాసివ్వలేదు. ఫేస్‌బుక్ చేతిలో ఉన్న, ఫైర్‌బేస్ లాంటిదే అయిన పార్స్ సేవను మూసేస్తామని 2016 జనవరిలో ప్రకటించి, ఏడాదికి మూసేశారు. యాప్‌లను నడిపిపెట్టే హెరోకు సేవ ఉచిత ప్లాన్ 2022 నవంబరులో ఆగిపోయింది. అందుకని డేటాబేస్‌తో మాట్లాడే కోడ్ అంతా స్క్రీన్లలో చెల్లాచెదురుగా కాకుండా ఒకేచోట ఉండాలి. రేపు మారాల్సి వస్తే ఆ ఒక్కచోటే చెయ్యి పెడితే చాలు. మారాక కూడా పాత వెర్షన్ ఫోన్లలో ఉన్నన్నాళ్లూ పాత సేవను నడపాల్సిందే.

పోలిక అడిగారు కదా. సూపాబేస్ కూడా ఫైర్‌బేస్ లాంటి సేవే, దాని అడుగున ఉన్నది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. అక్కడ నేర్చిన ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) ఎక్కడైనా పనికొస్తుంది, డేటాను మరోచోటికి తీసుకుపోవడమూ తేలిక. ఉచిత ప్లాన్‌లో డేటాబేస్‌కు 500 ఎంబీ. వారం రోజులు ఎవరూ వాడకపోతే ప్రాజెక్టును నిలిపేస్తారు, సెలవుల్లో లైబ్రరీ యాప్‌కు ఇది ఇబ్బందే. సొంత సర్వర్‌లో బ్యాకప్పులు, సెక్యూరిటీ అప్‌డేట్లు, అర్ధరాత్రి ఆగిపోతే లేపడం అన్నీ మన నెత్తినే. అసలు యాప్‌ను దాని మీద పెట్టకుండా పక్కన ఒక నకలు కట్టి నేర్చుకోమనండి. ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా కెరీర్ పాడవదు. ఒకటి లోతుగా తెలిస్తే రెండోది పట్టుబడడానికి ఎన్నో రోజులు పట్టదు.

ఒక నెల గడువివ్వండి. మార్పులకు ముందు యూసేజ్ గ్రాఫ్‌ను ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమనండి, నెల తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పోల్చి చూడండి. రీడ్స్ రోజుకు 30,000 లోపు నిలిస్తే కార్డు ప్రసక్తే లేదు. అన్నీ సరిచేశాక కూడా 50,000 దాటుతుంటే అది నిజంగా పెరిగిన వాడకం. అప్పుడు రూల్స్ మరోసారి చూసి, చిన్న మొత్తానికే బడ్జెట్ అలర్ట్ పెట్టి, మొదటి వారం రోజూ బిల్లింగ్ పేజీ తెరిచి చూస్తానన్న మాట తీసుకుని కార్డు ఇవ్వండి.