పోలండ్ పాత్రకు ఇంటి పేరు: యువ రచయిత్రికి లేఖ
ప్రియమైన అమ్మాయికి,

పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ నగరం నుంచి నువ్వు పంపిన కథ చదివాను. ఇంటి యజమానురాలైన ముసలమ్మ నీ నాయికకు బీట్‌రూట్ చారు పోసి, తినేదాకా పక్కనే కూర్చునే ఘట్టం చాలా బాగుంది. కానీ ఆమెకు 'మరియా కోవాల్స్కీ' అని పేరు పెట్టావు. పోలండ్ తెలిసిన పాఠకుడికి అక్కడే నమ్మకం సడలుతుంది. 'స్కీ'తో ముగిసే ఇంటి పేరు అక్కడ స్త్రీకి 'స్కా' అవుతుంది. ఆమె కోవాల్స్కా. మన ఇంటి పేర్లకు ఆడమగ తేడా లేదు కాబట్టి ఈ సంగతి మనకు తట్టదు.

నన్నడిగితే ఆమెకు నోవాక్ అన్న ఇంటి పేరు పెట్టు. పోలండ్‌లో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటి పేరు అదే, సుమారు 2 లక్షల మందికి ఉంది. కోవాల్స్కీది దాని తర్వాతి స్థానం. నోవాక్ అంటే ఊరికి కొత్తగా వచ్చినవాడు. పాత కాపురస్తులు పిలిచిన ఆ పిలుపే అతని పిల్లలకు ఇంటి పేరై నిలిచింది. దీనికి మూలపురుషుడంటూ ఒకడు లేడు. కొత్తవాడు దిగిన ప్రతి ఊళ్లోనూ ఈ పేరు విడిగా పుట్టింది, అందుకే ఇంతమంది. చెక్ దేశంలోనూ స్లొవేనియాలోనూ నోవాక్‌దే మొదటి స్థానం.

ఇప్పుడు నీ కథ జరిగే ఊరు, వ్రోత్స్వాఫ్‌నే చూడు. 1945 వరకు అది బ్రెస్లావు, జర్మన్ల నగరం. యుద్ధం తర్వాత అది పోలండ్‌కు దక్కింది, జర్మన్లను వెళ్లగొట్టారు. సోవియట్ యూనియన్‌లో కలిసిపోయిన ల్వూవ్ (నేటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్) ప్రాంతం నుంచీ, మధ్య పోలండ్ పల్లెల నుంచీ వచ్చినవాళ్లు ఆ ఇళ్లలో కాపురం పెట్టారు. నీ ముసలమ్మకు ఎనభై దాటాయని రాశావు. అంటే ఊరు ఊరంతా కొత్తవాళ్లే అయిన చోట ఆమె పెరిగింది. అక్కడ నోవాక్ అన్న మామూలు పేరు ఎంత బరువు మోస్తుందో! అయితే ఈ అర్థాన్ని కథలో ఎవరి చేతా చెప్పించకు, దయచేసి. తెలిసినవాడు అందుకుంటాడు, తెలియనివాడికి అది పేరుగానే మిగిలినా కథకు లోటు లేదు.

ఇంకొక సంగతి. నోవాక్ ఇప్పుడు స్త్రీకైనా నోవాకే. పూర్వం భార్య నోవాకోవా, పెళ్లికాని కూతురు నోవాకువ్నా. కాబట్టి ఆమె తల్లిని తలుచుకునే చోట ఇరుగుపొరుగు నోట పాత రూపం పలికించవచ్చు. నవంబరు 1న అక్కడి వాళ్లు సమాధుల దగ్గర దీపాలు పెడతారు కదా, ఆ రోజు ఓసోబోవిత్సె శ్మశానానికి వెళ్లి రాళ్ల మీది పేర్లు ఓపిగ్గా చదువు. చాలా చోట్ల స్త్రీల పుట్టింటి పేర్లు కూడా చెక్కి ఉంటాయి. ఏ తరం తనను ఎలా పిలుచుకుందో అక్కడ కనిపించినంత స్పష్టంగా నిఘంటువుల్లో కనిపించదు.

నీ నాయిక ఆమెను 'మిసెస్' అని పిలవడం కూడా తీసెయ్యి. కొన్నాళ్లు ఒకే కప్పు కింద ఉన్నాక ఆ దేశంలో 'పానీ మరియో' అంటారు, అంటే 'మరియా గారూ' అని. గౌరవమూ దగ్గరితనమూ రెండూ అందులో ఉన్నాయి. ఆమె కనిపించే పేజీలు మాత్రమే తిరగరాసి పంపు. మిగతా కథ జోలికి ఇప్పుడే వెళ్లకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు