సెల్ఫీలో కనిపించే ఆ ముక్కు మీ అమ్మాయిది కాదమ్మా

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా చిన్నమ్మాయికి 18 ఏళ్లు. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చాయని వాళ్ల నాన్న కొత్త ఫోన్ కొనిచ్చారు. కెమెరా బాగుండాలని నెల రోజులు యూట్యూబ్‌లో రివ్యూలు చూసి మరీ తనే ఎంచుకుంది. మొదట్లో మొక్కలు, వంటలు, స్నేహితురాళ్లు అన్నీ ఫొటోలు తీసేది. ఆరు నెలలుగా తన ముఖం తప్ప ఇంకేమీ తీయడం లేదు. తీస్తుంది, జూమ్ చేసి చూసుకుంటుంది, డిలీట్ చేస్తుంది. ముక్కు వెడల్పుగా ఉందని, ఆపరేషన్ చేయించమని ఒకటే ఏడుపు. ఫిబ్రవరిలో పెద్దమ్మాయి పెళ్లి ఉంది. ఈ ముక్కుతో పెళ్లి ఫొటోల్లో నిలబడనంటోంది. మా కంటికి దాని ముక్కు చక్కగానే ఉంది. ఇది ఫోన్ పిచ్చేనా? ఫోన్ లాగేసుకోమంటారా? ఆపరేషన్ చేయించవచ్చా?
– ఓ తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, నేను ప్లాస్టిక్ సర్జన్‌ని. ముక్కు ఆపరేషన్లు చేస్తాను. మీ ప్రశ్నలకు జవాబు చెప్పే ముందు మీరు ఇంట్లో ఒక చిన్న పని చేయాలి. కుట్టుమిషన్ దగ్గర ఉండే టైలర్ టేపు తీసుకోండి. దాని పొడవు 60 అంగుళాలు, అంటే సరిగ్గా 5 అడుగులు. అమ్మాయిని పగటిపూట కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి. తను మామూలుగా తీసుకున్నట్టే, అడుగు దూరంలో ఫోన్ పెట్టి ముందు కెమెరాతో ఒక సెల్ఫీ తీసుకోమనండి. తర్వాత మీరు టేపు నిండా వెనక్కి జరిగి, వెనక కెమెరాలో 2ఎక్స్ నొక్కి, అదే ముఖాన్ని ఇంకో ఫొటో తీయండి. రెండింట్లోనూ ముఖం ఒకే సైజులో ఉండేలా కట్ చేసి పక్కపక్కన పెట్టి చూపించండి.

నా ఓపీలో సెల్ఫీ పట్టుకుని వచ్చే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ నేను చేసే మొదటి పరీక్ష ఇదే. మందు రాయకముందే సగం మంది ముఖంలో మార్పు కనిపిస్తుంది.

కారణం చాలా సులువు. మన ముఖం పలకలా చదునుగా ఉండదు. ముక్కు కొన ముందుకు ఉంటుంది, చెవులు దానికి 10, 12 సెంటీమీటర్లు వెనక ఉంటాయి. ఫోన్ అడుగు దూరంలో ఉంటే ముక్కు కెమెరాకు 30 సెంటీమీటర్ల దూరంలో, చెవులు 40 దాటి ఉంటాయి. దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనిపించడం కెమెరాకైనా కంటికైనా సహజం. కంటి ముందు రూపాయి బిళ్ల పెట్టుకుంటే చందమామ కనపడదు కదా, అలాగన్నమాట. అదే 5 అడుగుల దూరం నుంచి తీస్తే ఆ 10 సెంటీమీటర్ల తేడా లెక్కలోకే రాదు. 2018లో అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీ డాక్టర్లు దీన్ని లెక్కగట్టారు. 5 అడుగుల నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే 12 అంగుళాల నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం ఎక్కువ వెడల్పుగా కనిపిస్తుందని తేల్చారు. తమ సెల్ఫీలు చూపించి ముక్కు తగ్గించమని అడిగేవాళ్లు పెరిగాకే వాళ్లు ఈ లెక్క మొదలుపెట్టారు.

ఇది మెగాపిక్సెళ్లతో పోయే సంగతి కాదు. ఎంత ఖరీదైన ఫోన్ కొన్నా అడుగు దూరం అడుగు దూరమే. ఇంకా చెప్పాలంటే, కెమెరా ఎంత బాగుంటే ఆ లేని వెడల్పు అంత స్పష్టంగా కనపడుతుంది. అందుకే ఆపరేషన్ గురించి నా మొదటి మాట ఇది: నేను రేపు మీ అమ్మాయి ముక్కు తగ్గించినా, ఎల్లుండి సెల్ఫీలో అది మళ్లీ పెద్దదిగానే కనిపిస్తుంది. కత్తితో కెమెరా దూరాన్ని మార్చలేను.

దీనికి తోడు ఫోన్లలో ఉండే బ్యూటీ మోడ్ సంగతి చూడండి. చాలా ఫోన్లలో మనం అడగకపోయినా అది ఆన్‌లోనే ఉంటుంది. చర్మం నున్నగా, రంగు తెల్లగా, దవడ సన్నగా చేసేస్తుంది. రీల్స్ ఫిల్టర్లయితే ముక్కును కూడా సన్నం చేస్తాయి. పిల్ల రోజంతా ఆ ముఖాన్ని చూసి, రాత్రి బాత్రూమ్ అద్దంలో తన అసలు ముఖం చూసుకుంటే ఏదో తగ్గినట్టు అనిపిస్తుంది. ఇంకోటి, సెల్ఫీ తీసేటప్పుడు స్క్రీన్ మీద అద్దంలోలా కనిపించే ముఖం, సేవ్ అయ్యాక కొన్ని ఫోన్లలో కుడిఎడమలు మారిపోతుంది. పుట్టినప్పటి నుంచి అద్దంలో చూసుకున్న ముఖానికి అలవాటు పడ్డ కంటికి అది వంకరగా, పరాయిగా తోస్తుంది. మనమందరం ఏ కాస్తో వంకరగా ఉన్నవాళ్లమే, కాకపోతే రోజుకు యాభైసార్లు జూమ్ చేసి చూసుకోలేదు.

మీ చిన్నప్పుడు ఫొటో అంటే ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. ఏడాదికోసారి స్టూడియోకి వెళ్లేవాళ్లం. ఫొటోగ్రాఫర్ ఆరేడు అడుగుల దూరంలో స్టాండు వెనక నిలబడి, గడ్డం కొంచెం పైకి అని క్లిక్ మనిపించేవాడు. ఫొటోలో మన ముఖం మనకు ఎప్పుడూ అంత దూరం నుంచే తెలుసు. ముందు కెమెరాలు సామాన్యుల ఫోన్లలోకి బాగా వచ్చింది 2010 తర్వాతే. 2013లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు సెల్ఫీని ఆ ఏటి మాటగా ఎంచుకున్నారు. అప్పటికి మీ అమ్మాయి అక్షరాలు దిద్దుకుంటూ ఉంటుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ తన ముఖాన్ని అడుగు దూరం నుంచి చూసుకుంటూ పెరిగిన మొదటి తరం వీళ్లది. కాబట్టి దయచేసి దీన్ని పిచ్చి అనకండి. తను చూస్తున్నది తనకు నిజంగానే కనిపిస్తోంది.

ఫోన్ మీద మోజు, కెమెరా మీద ఇష్టం జబ్బులు కావు. మొక్కలు, వంటలు ఫొటోలు తీసేదని మీరే రాశారు. అది మంచి అభిరుచి. నన్ను ఆలోచనలో పడేసింది మీరు ఆ తర్వాత రాసిన వాక్యం: తన ముఖం తప్ప ఇంకేమీ తీయడం లేదన్నది. ఇష్టంతో తీసే ఫొటో వేరు, భయంతో తీసే ఫొటో వేరు.

ఆ మధ్య 19 ఏళ్ల కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. గ్యాలరీలో ఒక్క ఫొటో లేదు. డిలీట్ చేసినవి చూపించు బాబూ అన్నాను. కాసేపు తటపటాయించి, రీసెంట్లీ డిలీటెడ్ ఫోల్డర్ తెరిచాడు. నాలుగు వందలకు పైగా ఫొటోలు, అన్నీ అతని ముక్కే, అన్నీ ఎడమవైపు నుంచే. ఒకే గోడ, ఒకే ట్యూబ్‌లైట్. బయటికి వెళ్లేటప్పుడు మాస్కు తీయడం మానేసి ఏడాది దాటిందని వాళ్ల నాన్న చెప్పాడు. నేను ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. మా సైకియాట్రిస్ట్ దగ్గరికి నేనే స్వయంగా తీసుకెళ్లాను.

దాన్ని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటాం. ఎదుటివాళ్లకు కనపడని, లేదా కనపడీ కనపడనట్టుండే లోపం మనసును పూర్తిగా పట్టేసుకోవడం. నూటికి ఇద్దరిలో ఉంటుంది, ఎక్కువ మందిలో 18 ఏళ్లలోపే మొదలవుతుంది. మీ అమ్మాయికి ఇదే ఉందని ఉత్తరం చూసి చెప్పలేను, చెప్పకూడదు కూడా. మీరు గమనించాల్సినవి చెబుతాను. ముక్కు గురించిన ఆలోచనలు, అద్దం, ఫొటోలు కలిపి రోజుకు గంటకు మించి పోతోందా? కాలేజీకి, చుట్టాల ఇళ్లకు వెళ్లడం తగ్గించిందా? ముక్కు కనపడకుండా చున్నీ, మాస్కు, చెయ్యి అడ్డం పెట్టుకుంటోందా? బాగానే ఉన్నావని మీరు చెప్పిన పది నిమిషాలకే మళ్లీ అడుగుతోందా? వీటిలో ఒకటి రెండు ఉన్నా సైకియాట్రిస్ట్‌కు చూపించండి. మాటలతో చేసే సీబీటీ చికిత్స ఉంది, అవసరమైతే మందులు కూడా ఉన్నాయి. అవి నిద్రమాత్రలు కావు, పనిచేయడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. మధ్యలో మానేయకండి. బతకాలని లేదు అన్న మాట పొరపాటున వచ్చినా కోపంలో అందిలే అని వదిలేయొద్దు, తనను ఒంటరిగా ఉంచకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఈ జబ్బు ఉన్నవాళ్లకు ఆపరేషన్ చేస్తే చాలామందికి తృప్తి రాదు. ముక్కు మీది దిగులు చెంపకో గడ్డానికో మారుతుంది, లేదా ముక్కు మీదే ఇంకా పెరుగుతుంది. అందుకే ఒప్పుకోం.

ఫోన్ లాగేసుకోవద్దు. లాక్కుంటే అద్దం ఉంది, స్నేహితురాలి ఫోన్ ఉంది, మీ మీద నమ్మకం మాత్రం పోతుంది. తనతో కూర్చుని కెమెరా సెట్టింగ్స్‌లో బ్యూటీ, ఫేస్, రీటచ్ లాంటివి ఏ పేరుతో ఉన్నా సున్నాకి తెమ్మనండి. ఫొటో కావాలంటే ఎవరినైనా తీయమనాలి, లేదా ఫోన్‌ను దేనికైనా ఆనించి టైమర్ పెట్టుకోవాలి. రాత్రిపూట నెత్తిమీది లైటు కింద తీస్తే ముక్కు నీడ పడి ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది, అది మానమనండి.

ఇంట్లో మాటల సంగతి కూడా అడుగుతున్నాను, ఏమనుకోకండి. చప్పిడి ముక్కు, బండ ముక్కు అని ఎవరైనా ముద్దుగా పిలుస్తున్నారా? నాయనమ్మ ముక్కే దిగిందని చుట్టాలు నవ్వుతున్నారా? మన కవులు ముక్కును సంపెంగతో పోల్చారు, ఇళ్లలో మాత్రం కోటేరు ముక్కు లేకపోతే ఆడపిల్లకు ఏదో లోటన్నట్టు మాట్లాడతాం. పెళ్లింట్లో ఆ మాటలు ఇంకా ఎక్కువవుతాయి. ఇప్పుడే అందరికీ గట్టిగా చెప్పేయండి.

పెళ్లి దగ్గర పడుతోంది కాబట్టి ఇంకో భయం ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మే ముక్కు క్లిప్పులు కొననివ్వకండి, అవి మృదులాస్థిని మార్చవు, చర్మం మాత్రం ఒరుసుకుపోతుంది. పార్లర్‌లో ముక్కుకు ఫిల్లర్ (ఆకారం మార్చడానికి చర్మం కింద ఎక్కించే జెల్) ఇంజెక్షన్ అంటే అసలే వద్దు. ముక్కు దగ్గరి రక్తనాళంలోకి ఫిల్లర్ వెళితే అక్కడి చర్మం చచ్చిపోవచ్చు, కంటిచూపే పోవచ్చు.

ఒక ముక్కు రంధ్రం ఎప్పుడూ మూసుకుపోయినట్టు ఉండి, నోటితో గాలి పీలుస్తుంటే మాత్రం ఈఎన్టీ డాక్టర్‌కు చూపించండి. అది ముక్కు దూలం, అంటే రెండు రంధ్రాల మధ్య గోడ, వంకర కావచ్చు, దాని లెక్క వేరు.

ఇక ఫిబ్రవరికి ఆపరేషన్ మాట. 18 ఏళ్లకు ముక్కు ఎదుగుదల పూర్తయినట్టే, వయసు అడ్డం కాదు. కానీ ముక్కు కొన దగ్గరి వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది దాకా పడుతుంది. పెళ్లి ఫొటోల కోసం చేయించుకుంటే ఆ వాపుతోనే నిలబడాలి. పెళ్లి అయిపోనివ్వండి. ఫొటోగ్రాఫర్‌కు ముందే చెప్పండి, చిన్నమ్మాయి ఫొటోలు దగ్గరికొచ్చి తీయొద్దని, వెనక్కి వెళ్లి జూమ్‌తో తీయమని. ఆ తర్వాత ఆరు నెలలకు కూడా తనకు ఆపరేషన్ కావాలనే అనిపిస్తే, మంచి సర్జన్ దగ్గరికి తీసుకెళ్లండి. సెల్ఫీలు తీసుకెళ్లక్కర్లేదు, సర్జనే 5 అడుగుల నుంచి కొత్త ఫొటోలు తీసి, వాటి మీదే మాట్లాడతారు.