కారు చూడ్డానికి టార్చి లైటుతో వెళ్ళు

పర్లాకిమిడి

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "వాడు పాత ఫోర్డ్ మస్టాంగ్ కారు కొంటాడట అన్నయ్యా, నువ్వయినా వద్దని చెప్పు" అంది. సరేనని పెట్టేశాను. తర్వాత మీ అత్త చూడకుండా ఆ బండి ఇంజను చప్పుడు యూట్యూబ్‌లో మూడుసార్లు విన్నాను. కాబట్టి వద్దని చెప్పే అర్హత నాకు పోయింది.

ఎనిమిది సిలిండర్ల ఐదు లీటర్ల వి8 ఇంజను, 400 హార్స్‌పవర్ అటూ ఇటూ. 2016లో మన దేశంలోకి వచ్చినప్పుడు షోరూమ్ ధరే 65 లక్షలు. నా పాత కాంటెస్సా కారుకి 90 హార్స్‌పవర్ కూడా లేదురా, దానికే నేను కాలరెగరేసుకుని తిరిగాను.

కాగితాల సంగతి నీకు తెలిసే ఉంటుంది. లోను మీద కొన్న బండి అయితే బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఆర్సీలో లోను కొట్టేయించే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బివ్వు. బండిది తమిళనాడు నంబరు కాబట్టి నువ్వుండే తెలంగాణలో మళ్ళీ లైఫ్ టాక్స్ పడుతుంది, అది కలుపుకునే బేరమాడు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో నీ పేరుకి మార్పించు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందన్నమాట. గాడి లోతుగా ఉందని మురిసిపోకు, వయసు చూడు. ఫోర్డ్ వాళ్ళు ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని చెప్పింది 2021లో. పైగా ఇది దిగుమతి బండి. ఒక హెడ్‌లైటు పగిలితే ఎంతవుతుందో, ఎన్ని రోజులు పడుతుందో కొనకముందే కనుక్కో. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు, ఆ కాలం బండి దానికోసం చేసింది కాదు. ఇంధనం పైపులు, సీళ్ళు ఒకసారి చూపించు.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు. నాకు నిద్ర పట్టనిది ఒక్క మాట దగ్గర. బండి చెన్నైది అంది మీ అమ్మ. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకి ఆ ఊళ్ళో ఎన్ని కార్లు మునిగాయో టీవీలో చూశాం కదా.

1999 అక్టోబరులో ఒడిశా సూపర్ సైక్లోన్ వచ్చింది. ఆ తర్వాతి ఏడాది కటక్‌లో ఎర్ర కాంటెస్సా ఒకటి చవకగా ఉందని తెలిసి బస్సెక్కి వెళ్ళాను. డోరు తీయగానే అగరొత్తుల వాసన గుప్పుమంది. పాపం అమ్మేవాడు భక్తిపరుడు అనుకున్నాను! అప్పటికే గేరేజీలో పదేళ్ళుగా చేతులు నల్లగా చేసుకుంటున్నవాణ్ణి. డిక్కీలో కార్పెట్ ఎత్తితే మూల మెత్తటి వరద ఒండ్రు, పిండిలా వేలికి అంటింది. అంటిన వేలు ప్యాంటుకి తుడుచుకుని అడ్వాన్స్ ఇచ్చేశాను. ఎందుకంటే ఎరుపు. అంతే.

జూలైలో మీ అమ్మని బరంపురం నుంచి తీసుకొస్తున్నాను. తప్తపాణి ఘాట్ ఎక్కుతుండగా చీకటి పడింది, వాన. ఒక మలుపులో హెడ్‌లైట్లు, వైపరు, డాష్‌బోర్డు అన్నీ ఒక్కసారి పోయాయి. ఎడమ పక్క లోయ. ఎంత దూరంలో ఉందో తెలియదు, ఉందని మాత్రం తెలుసు. బ్రేకు మీద నిలబడ్డాను. మీ అమ్మ కేక కూడా వెయ్యలేదు. ఒళ్ళో రెండేళ్ళ పిల్లాడు నిద్రపోతున్నాడు, వాడు లేస్తాడని. ఆ పిల్లాడివి నువ్వే.

అరగంటకి ఒక లారీ వచ్చింది. డ్రైవరు దిగి చూసి, తిట్టాల్సినవన్నీ ఒడియాలో తిట్టి, నన్ను తన వెనకే రమ్మని ఫస్ట్ గేరులో మోహనా ఊరి దాకా తీసుకెళ్ళాడు. మర్నాడు డాష్‌బోర్డు విప్పితే వైర్ల కనెక్టర్లన్నీ చిలుం పట్టి ఆకుపచ్చగా ఉన్నాయి. మీ అమ్మ ఈ విషయం మీ నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

అందుకని వెధవా, పగటి పూట వెళ్ళు, టార్చి లైటు తీసుకెళ్ళు. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగు. అమ్మేవాళ్ళు అన్నీ కడుగుతారు గానీ ఆ లోపలి జానెడు కడగరు. మట్టి చార ఉంటే తాళాలు వాళ్ళ చేతిలో పెట్టి వచ్చెయ్యి. సీటు కింద బోల్టుల తుప్పు, హెడ్‌లైటు లోపల నీటి గీత చూడు. నా దాంట్లో ఉన్నవి నాలుగు వైర్లే, అవే అలా చేశాయి. నీ దాంట్లో అన్నీ కంప్యూటర్లే. సెంటు వాసన ఎక్కువ కొడితే నాకు వెంటనే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

రంగు ఏమిటో మాత్రం మీ అమ్మ చెప్పలేదు. ఎరుపేనా?

కొన్నాక ఇక్కడికి తెస్తే పగలే రా. కడుపు నేలకి తగిలే బండి, మన వీధి మొదట్లో స్పీడ్ బ్రేకరు దగ్గర ఏటవాలుగా ఎక్కించు. ముందు సీట్లో మీ అమ్మ కూర్చుంటుంది. వెనక సీటులో నేను పట్టనని ఫోటో చూస్తేనే తెలిసింది, నేను అరుగు మీద నుంచి చప్పుడు వింటాలే.

మీ మావయ్య